గ్లాసులో దిగిన నీలం

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన పన్నెండో రోజు మధ్యాహ్నం, పక్కింటి అక్క మా వంటింట్లో కరివేపాకు పొడి సీసా మూత తీసింది. ఆరేళ్ల తమ్ముడికి అన్నం కలిపి పెడదామని. చెంచాతో పొడి తీసి, ఎందుకో ఆగి వాసన చూసింది. చిటికెడు నాలుక మీద వేసుకుంది. తర్వాత గాజుగ్లాసులో నీళ్లు పోసి, ఇంకో చిటికెడు అందులో వేసి, గట్టు మీద పెట్టి చూస్తూ నిలబడింది. కాసేపటికి గ్లాసు అడుగున నీలం రంగు పొగలా విచ్చుకుంది. కరివేపాకు అలాంటి రంగునివ్వదు. ఆ నీలం ఏమిటో అక్కకు తెలుసు. పదకొండేళ్ల నాకూ తెలుసు.

వరండాలో నాన్న బంధువులతో అంటున్నారు: "ఆ నాచు తినిపించీ తినిపించీ మనిషిని చంపేశారు." అక్కకు వినపడాలనే అంటున్నారు. గ్లాసు పట్టుకుని నాలుగడుగులు వేస్తే చాలు, అక్క మీద పడ్డ ఆ మాట పోయేది. ఆమె వెయ్యలేదు.

అప్పటికి మేము తణుకు నుంచి కొండాపూర్ వచ్చి రెండేళ్లు. నాన్నది ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. ఒకే డాబా ఇంట్లో రెండు పోర్షన్లు, ఒకదాంట్లో మేము, ఒకదాంట్లో అక్క, ఆమె భర్త. మాదాపూర్ వైపు కొత్త ఆఫీసుల కోసం బండలు పేలుస్తుండేవారు. ఆ దుమ్ము ఆరేసిన బట్టల మీద, అన్నం గిన్నెల మీద, మరీ ముఖ్యంగా డాబా మీద అక్క పెట్టుకున్న నాలుగు సిమెంటు తొట్ల మీద పడేది. వాటికి పాత దోమతెరలు కప్పేది ఆమె.

ఆ తొట్లలో స్పిరులినా అనే తినే నాచు పెంచేది. ఎక్కడో పది రోజులు శిక్షణ తీసుకుని నేర్చుకుందట. వంటసోడా, ఉప్పు, మరేవో కలిపిన నీళ్లలో ముదురాకుపచ్చగా పెరిగేది. అడుక్కి దిగిపోకుండా రోజుకు నాలుగైదుసార్లు కలపాలి. బడి నుంచి రాగానే ఆ పని నాది. చిక్కబడ్డాక గుడ్డలో వడగట్టి, కడిగి, పిండి, జంతికల గొట్టంలో పెట్టి తెల్లటి బట్ట మీద సన్నటి దారాలుగా ఒత్తేది. ఎండాక పొడి కొట్టేది. కొనడానికి వచ్చినవాళ్ల ముందు గ్లాసులో నీళ్లు పోసి, "గడ్డి పొడి అయితే పచ్చగనే ఉంటది. ఇది నీలం దిగుతది, చూడుర్రి" అని చూపించేది. చపాతీ పిండిలో కలుపుకోవచ్చని, మజ్జిగలో తాగొచ్చని, పిల్లలకు బెల్లం ఉండల్లో పెట్టొచ్చని చెప్పేది. మాంసకృత్తులుంటాయి, ఇనుముంటుంది, నీరసం తగ్గుతుంది అనేది. అంతకుమించి ఒక్క మాట ఎక్కువ చెప్పేది కాదు. రోగాలు తగ్గుతాయా అని అడిగితే, "ఇది తిండి, మందు కాదు. మందు దవాఖానల ఇస్తరు" అనేది.

అమ్మకు గర్భసంచిలో గడ్డ ఉండేది. నెలలో సగం రోజులు రక్తం పోయేది. ఆపరేషన్ చెయ్యాలంటే ముందు ఒంట్లో రక్తం పెరగాలన్నారు డాక్టరుగారు. ఇనుము మాత్రలు వేసుకుంటే అమ్మకు వాంతులు. అయినా మాత్రలు మానొద్దని, వాటితోపాటు ఈ పొడి రోజుకో చెంచా తినమని అక్క నెలకొక డబ్బా ఇచ్చేది. ఒక్క డబ్బా ఇవ్వడమే ఆమెకు కష్టం. తొట్లలో వచ్చేదే కొంచెం, అది ముందే ఒక దుకాణానికి ఒప్పుకున్నది.

"వదినా, తింటున్నవా లేదా? నిజం చెప్పు."

"తినకేం చేస్తానమ్మా, నీ చెరువంతా తాగేస్తున్నాను. ఇంకో నెల పోతే నా నెత్తిన తామరలు పూస్తాయి."

"పూయనీ. పూజకు తెంపుకపోత."

ఇద్దరూ నవ్వుకునేవారు. కానీ ఎన్నిసార్లు పరీక్ష చేయించినా అమ్మకు రక్తం పెరగలేదు. ఆపరేషన్ మూడుసార్లు వాయిదా పడింది. తన తొట్లలోనే ఏదో లోపముందని అక్క పరేషాన్ అయ్యేది. నీళ్లు మార్చింది, వడకట్టే గుడ్డ మార్చింది. ఆ ఏడాదే నేను బడిలో ప్రార్థనప్పుడు కళ్లు తిరిగి పడిపోవడం మానేశాను. నా గౌన్లు పొట్టివయ్యాయి. తమ్ముడికి జలుబులు తగ్గాయి. వేడన్నంలో నెయ్యీ కరివేపాకు పొడీ వేసి అమ్మ మాకు రోజూ మొదటి ముద్ద పెట్టేది. వెల్లుల్లి, చింతపండు ఘాటులో ఇంకే వాసనా మాకు తెలియలేదు. శ్రావణంలో ఒక వారం ఆగకుండా రక్తం పోయి, ఆసుపత్రికి తీసుకెళుతుంటే దారిలోనే అమ్మ పోయింది.

ఆ మధ్యాహ్నం అక్క గ్లాసు వొంపేసి, నీలం మరక లేకుండా రెండుసార్లు తోమింది. ఆ పొడితోనే అన్నం కలిపింది. నేను సీసా లాక్కుని పారెయ్యబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"పారెయ్యకు. మీ అమ్మ మీ కోసం చేసింది, తినాలె. మీ నాయనకు చెప్పకు. తమ్మునికైతే అసలే చెప్పకు. అమ్మ వంతు నేను తిన్ననని ఆడు జన్మంత ఏడుస్తడు."

"మరి నాన్న నిన్ను తిడుతున్నారు కదా?"

"తిట్టనీ. నేనేంది, పక్కింటిదాన్ని. రేపు ఇల్లు మారిపోత."

అన్నట్టే రెండు నెలల్లో తొట్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఎక్కడికో నాకు తెలియదు. వెళ్లే రోజున నాన్న లోపలి నుంచి బయటికి రాలేదు.

పెద్దయ్యాక ఇద్దరు ముగ్గురు డాక్టర్లను అడిగాను. అంత రక్తం పోతున్న మనిషిని రోజుకో చెంచా పొడి నిలబెట్టదనే అన్నారు. వాళ్ల మాట నమ్ముతాను. అయినా ఎవరితో భోజనానికి కూర్చున్నా ముందు ఎదుటివారి కంచంలోకి చూస్తాను. వాళ్లు నాలుగు ముద్దలు తినేదాకా నాకు ముద్ద దిగదు. అక్క నుంచి నేర్చుకున్నది మరొకటి. చేతిలో నిజం ఉన్నంతమాత్రాన చెప్పెయ్యకూడదు, అది ఎవరి నెత్తిన పడుతుందో చూడాలి. కానీ చెప్పని నిజం కూడా ఒకరి నెత్తినే ఉంటుంది. ఇన్నేళ్లుగా అది అక్క నెత్తిన ఉంది.

ఈమధ్య మా అమ్మాయికి రక్తం తక్కువగా ఉందని, డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలతోపాటు పెడదామని స్పిరులినా డబ్బా తెచ్చాను. డెబ్బైకి దగ్గరపడిన నాన్న దాన్ని చూడగానే లాక్కున్నారు. తీసుకెళ్లి చెత్తబుట్టలో వేశారు. నేను వెళ్లి తీసుకొచ్చి, తుడిచి, అల్మారాలో పెట్టాను.

"మీ అమ్మను చంపిన దాన్ని నీ కూతురికి ఎలా పెడతావే?" అన్నారు.

ఆయన అడిగి ఇవాళ్టికి పదకొండు రోజులు. నేనింకా జవాబు చెప్పలేదు.