మన సముద్రంలోనే ఉందా?

మేడం గారు కన్నుమూశారని మొన్న బుధవారం పొద్దున ఇందుకూరుపేట నుంచి ఫోన్ వచ్చింది. గుండెపోటు. ముందురోజు సాయంత్రం కూడా పిల్లలకు పాఠం చెప్పారట. నెల్లూరులో వెబ్‌సైట్లు రాసుకుని బతుకుతున్న మాలో చాలామందికి జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పింది ఆవిడే.

మేము వెబ్‌సైట్‌లో వివరాలు నింపే ఫారం ఏదైనా తయారుచేసి చూపిస్తే వెంటనే మెచ్చుకునేవారు కాదు. కుర్చీ లాక్కుని కూర్చుని, దాన్ని ఎలా చెడగొట్టాలా అని చూసేవారు. పేరు రాయాల్సిన చోట చుక్కలు కొట్టేవారు. వయసుకు ముందు మైనస్ పెట్టేవారు. ఒకసారి నా ఫారంలో అంకె రాయాల్సిన గడిని ఖాళీగా వదిలేసి బటన్ నొక్కారు. ప్రోగ్రాం దాన్ని సున్నా అనుకుంది.

"జావాస్క్రిప్ట్‌కి రెండూ ఒకటేలే. మనకి కాదు గదా! ఏం చెప్పకపోవడం వేరు, సున్నా అని చెప్పడం వేరు" అన్నారు నవ్వుతూ. తప్పులు పట్టే తనిఖీ బ్రౌజర్‌లో పెట్టానని మురిసిపోతే, "దాన్ని తప్పించుకోని వచ్చేవాళ్లు ఉంటారు. సర్వర్‌లో మళ్లా చూసినావా?" అనేవారు.

తర్వాత ఆవిడా నేనూ కలిసి, మైపాడు వైపు పల్లెల నుంచి వేటకు వెళ్లే పడవల కోసం ఒక యాప్ చేశాం. సముద్రంలో పడవ ఆగిపోతే, అది ఉన్న చోటు అక్షాంశం, రేఖాంశం ఒడ్డున ఉన్నవాళ్లు అందులో కొట్టాలి. మిగతా పడవల వాళ్ల ఫోన్లకు కబురు వెళుతుంది. అక్షాంశం తొంభై దాటకూడదు, రేఖాంశం నూట ఎనభై దాటకూడదు అని తనిఖీ రాసి, పని అయిపోయిందనుకున్నాను. మా తీరానికి అక్షాంశం పద్నాలుగు, రేఖాంశం ఎనభై చిల్లర. మేడం ఆ రెండూ తారుమారు చేసి నొక్కారు. యాప్ మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. మ్యాప్‌లో మా పడవ ఉత్తర ధ్రువం దగ్గరి మంచు సముద్రంలో తేలింది.

"మన సముద్రంలోనే ఉందా అని అడగద్దా?" అన్నారు.

"తప్పు అని ఎర్రగా చూపించి ఆపేస్తాను మేడం."

"ఆపబాక. ఆ టయానికి ఏది ముందో ఏది వెనకో వాళ్లకి తోచదు. తప్పన్నావు సరే, ఇప్పుడేం చెయ్యాల్నో ఎవరు చెప్తారు?"

మళ్లీ రాశాను. మన తీరానికి దూరంగా ఉన్న చోటు వస్తే, "అంకెలు తారుమారైనట్టున్నాయి. పడవ ఇక్కడుందా?" అని, వాటిని తిరగేస్తే వచ్చే చోటును యాప్ మ్యాప్‌లో చూపిస్తుంది. అవునని నొక్కితే తనే సరిచేసుకుంటుంది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం గాలి బాగా ముదిరింది. పల్లెలో ఒక అక్కకు సముద్రం మీద నుంచి భర్త ఫోన్ చేశాడు. ఇంజను ఆగిపోయింది, పడవలోకి నీళ్లొస్తున్నాయి. పడవలోని జీపీఎస్ చూపించే అంకెలు చదివి వినిపించేసరికి లైను తెగిపోయింది. ఆ కంగారులో ఆమె ముందుది వెనక, వెనకది ముందు కొట్టింది. మళ్లీ అడుగుదామంటే ఫోన్ కలవదు. అప్పుడు మ్యాప్‌తో పాటు ఆ ప్రశ్న కనిపించింది. తమ ఊరి రేవుకు ఎదురుగానే ఉంది చుక్క. అవునని నొక్కింది.

కబురు మాకూ వచ్చింది. మేడంను బండి మీద ఎక్కించుకుని ఒడ్డుకు చేరేసరికి పల్లె పల్లెంతా అక్కడే ఉంది. దగ్గర్లో ఉన్న పడవలు అప్పటికే అటు మళ్లాయట. చాలాసేపటికి ఎవరో కేకేశారు.

"వస్తా ఉండారు! మన పడవని కట్టుకోని లాక్కొస్తా ఉండారు! అందరూ ఉండారు!"

ఆ అక్క వచ్చి మేడంను వాటేసుకుంది. "నేను తప్పు కొట్టినాను మేడం. అయినా అది నన్ను తిట్టలా, అడిగింది."

"నువ్వు సరిగ్గానే చెప్పినావు తల్లీ" అన్నారు మేడం, ఆమె కళ్లు తుడుస్తూ.

పడవ ఇసుక తాకగానే జనం తాడు అందుకున్నారు. మేడం చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపి, ఆడవాళ్ల మధ్య దూరి తనూ తాడు పట్టుకున్నారు. అల వచ్చి చీర మోకాళ్ల దాకా తడిపింది. అందరితో పాటు గొంతెత్తి "ఐలేసా!" అంటూ, వెనక్కి వాలి, నవ్వుతూ లాగుతున్నారు.