అడిగి ఆగే భాష

మధుబాబు కొత్త ప్రోగ్రామింగ్ భాష తయారు చేస్తున్నాడంటే ఆకివీడులో ఎవరూ నవ్వలేదు. నవ్వాలన్నా ముందు అర్థం కావాలి గదా. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి వచ్చి, ఐసు ఫ్యాక్టరీ మీద గది అద్దెకు తీసుకుని, చేపల చెరువుల వాళ్ళకి చిన్న చిన్న ప్రోగ్రాములు రాసిపెట్టి బతుకుతున్నాడు. కింద ఐసు దిమ్మలు పగిలే చప్పుడు, పైన ఫ్యాను చప్పుడు. మాట్లాడే మనిషి లేడు.

"ఉన్న భాషలు చాలవేంట్రా?" అని ఒకసారి ఫోనులో అడిగాడు పాత క్లాస్‌మేట్ ఫణికిరణ్.

"చెరువు మీద మోటారు వేసి ఆపడానికి పెళ్ళివారి సామానంత సాఫ్ట్‌వేర్ దింపుకోవాలా? దాంట్లో సగానికి ఇంటర్నెట్ కావాలి. మరుసటేడు చూస్తే ఏదో మారిపోయి అసలు నడవదు. నాది ఒక్కటే ఫైలురా. ఏ డొక్కు కంప్యూటర్లో పెట్టినా నడవాలి. పదేళ్ళు పోయాకా నడవాలి."

"బానే ఉంది. ఎవడు వాడతాడు?"

ఫణికిరణ్ మళ్ళీ ఫోను చెయ్యలేదు. భాషకి పేరు కూడా పెట్టలేదు మధుబాబు. పిలిచేవాళ్ళుంటే గదా పేరు.

ఒక్క గుణాన్ని మాత్రం ముద్దుగా పెంచాడు. తెలియనిది ఎదురైతే మిగతా భాషలు ఎర్ర అక్షరాలతో తిట్టి చచ్చూరుకుంటాయి. ఇది ఆగి, "ఏవండీ, ఇక్కడ అంకె కనబడట్లేదండి. ఎంత వేసుకోమంటారు?" అని అడుగుతుంది. చెబితే "సరేనండి" అని సాగిపోతుంది. కొన్ని రోజుల్లో అతన్ని మర్యాదగా పలకరించింది ఆ తెర ఒక్కటే. ఒక్కోసారి కావాలనే అంకె వదిలేసేవాడు.

చివరికి కొల్లేటి పక్కన చెరువులు లీజుకు చేస్తున్న అబ్బాయిరాజు ఒప్పుకున్నాడు. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిందని మీటరు చెప్పగానే నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు వాటంతటవే తిరగాలి. "బాగుంటే మా బావమరిది చెరువులకీ పెట్టిద్దాం" అన్నాడు. తన భాష పరాయి గట్టెక్కడం అదే మొదలు. ఇక్కడ నిలబడితే నిలబడినట్టు, లేకపోతే గదిలోనే దాని బతుకు.

ముసురు పట్టిన రోజున పక్క చెరువు పట్టుబడి వచ్చింది. అక్కడ ఒకరి చెరువులో వల దించితే చుట్టుపక్కల గట్ల మీది మనుషులంతా లాగడానికి పోతారు. రేపు వీళ్ళ వలకి వాళ్ళు రావాలి గదా. మధుబాబు కంప్యూటరు పెట్టిన అబ్బాయిరాజు షెడ్డులో ఎవరూ మిగల్లేదు. మీటరుకి నాచు పట్టి అంకె రావడం ఆగింది. భాష ఆగి, అడిగింది. మర్యాదగా, ఖాళీ షెడ్డుని.

జనం తిరిగొచ్చేసరికి ఆక్సిజన్ చాలక శీలావతి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. చేత్తో స్విచ్చులు వేస్తే చాలావరకు బతికాయి. చచ్చినవి గట్టు వార పోగుపడ్డాయి.

కబురందుకుని మధుబాబు వెళ్ళేసరికి అబ్బాయిరాజు తెర ముందే నిలబడి ఉన్నాడు.

"ఏవయ్యా మధూ, చేపలు చస్తంటే నీ మిషను నన్నడుగుతా కూచుందేంటయ్యా?"

"తెలియకపోతే అడగాలి గదండీ."

"అడిగితే చెప్పేవాడుండొద్దూ? ఎవడూ ఉండడనే గదా దీన్ని పెట్టించుకుంది!"

మధుబాబు గదిలో తెర ముందు ఎప్పుడూ తను ఉంటాడు. ఎదురుగా మనిషే లేని తెర ఒకటి ఉంటుందని అతనికి తట్టనే లేదు.

"తీసుకుపోమంటారా అండీ?"

"తీసుకుపోతే మళ్ళీ కాపలా ఎవడు కాస్తాడు? ఆ అడగడం మానిపించు. అంకె రాకపోతే ఏరియేటర్లు వేసెయ్యమను. కరెంటు ఖర్చయితే అయింది."

మేత బస్తా మీద కూర్చుని మొదలుపెట్టాడు. అంకె చదివే ప్రతిచోటా, అది రాకపోతే ఏం చెయ్యాలో ముందే రాసుండాలి. లేకపోతే ప్రోగ్రాము మొదలే కాదు. అదీ కొత్త నియమం. తన గది వరకు పాత పద్ధతి ఉంచుకోవచ్చు. కానీ ఒకే పనికి రెండు దారులు పెడితే భాష చెడుతుందని ఒకప్పుడు ఫణికిరణ్‌కి పెద్ద కబుర్లు చెప్పింది తనే. ప్రశ్నలన్నీ చెరిపేశాడు.

మీటరు తీగ ఊడలాగి చూశాడు. ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతూ తిరిగాయి. తెర మీద ఒక్క ముక్క లేదు.

"హమ్మయ్య, ఇదీ వరస!" అని భుజం తట్టి, బావమరిదికి ఫోను కలుపుకుంటూ గట్టు దిగిపోయాడు అబ్బాయిరాజు.

చెయ్యాల్సిందేమీ లేకపోయినా మధుబాబు ఇంకాసేపు, ఇక 'ఏవండీ' అనని ఆ తెర ముందే కూర్చున్నాడు.