అత్త తోట గేటు దగ్గర

మా అత్త పోయింది. ఆ పొద్దు నేను తిరుత్తణిలో మా భజన మందిరం వాకిలి ఊడుస్తుంటే తిరువళ్ళూరు నుంచి ఆమె కోడలు ఫోను చేసి, "అత్త పోయిందన్నా" అన్నది. చీపురు కింద పెట్టి నేను మొదట అడిగిన మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను. "అత్త ఫోను యాడుండాది? ఎవురి చేతికీ ఇయ్యద్దు!" ఆమె బొమ్మను ఇంకెవరైనా నడిపిస్తారేమోనని నా అనుమానం. ఏ బొమ్మ అంటారా? చెబుతాను.

ఆమె మా నాయనకు అక్క. తిరువళ్ళూరు స్టేషను వెనక వీధిలో రవికెలు కుట్టి బతికింది. బడిలో నేను చదివింది తమిళం. తెలుగు అక్షరం నాకు అత్త చేతి మీదుగా వచ్చింది. రవికె గుడ్డ మీద సుద్దముక్కతో 'అ' రాసిచ్చి, నేను దిద్దినాక దులిపేసి, ఆ గుడ్డనే కత్తిరించేది. ఈ రోజు పురాణం పుస్తకం సంచిలో లేకుండా నేను గడప దాటనంటే, శనివారం శనివారం మందిరంలో గొంతు చించుకుంటున్నానంటే, అది ఆ సుద్దముక్క పెట్టిన భిక్ష.

ఆమె నేర్పింది ఇంకొకటి ఉంది. ఎవరింటికి పోయినా, వాళ్ళు 'రా' అనేదాకా బయటే నిలబడాలి. "పిలుపు లేని ఇంట్లోకి దేవుడు గూడా పోడురా" అనేది. ఈ ఒక్క పాఠం మా బంధువుల్లో నాకే ఒంటబట్టింది. పెళ్ళిళ్ళలో కూడా వాకిట్లో వానకు తడుస్తూ నిలబడ్డానని ఇప్పటికీ నవ్వుతారు.

సూదిలో దారం ఎక్కించడానికి చూపు ఆనకుండా పోయాక, అత్త ఫోనులో ఆట పట్టింది. బొమ్మల ఊరు అది. ఆడేవాళ్ళకు తలా ఒక బొమ్మ, ఒక ఇల్లు, ఒక తోట. ఒకరి తోటకు ఒకరు పోయి నీళ్ళు పోయాలి, పండ్లు ఇచ్చిపుచ్చుకోవాలి, రాతలో మాట్లాడుకోవాలి. ఆమెకు అందులో ముగ్గురు స్నేహితులు: ఎలవూరు ఆయనొకడు, తిరునిన్రవూరు అక్కచెల్లెళ్ళు ఇద్దరు. ఒక్కరి ముఖమూ ఆమె ఎరగదు.

"ముఖం తెలీనోళ్ళతో స్నేహమేంది అత్తా? దొంగలో దొరలో నీకెట్ల తెలుస్తాది?"

"నువ్వు దినామూ మొక్కే సామి ముఖం చూసినావా?" అంది తలెత్తకుండా. "ఉండు, ఎలవూరాయన వంగచెట్లు వాడిపోతా ఉండాయి."

నాకు మండింది. ఆ శనివారం మందిరంలో నిప్పులు చెరిగాను. అడవిలో బంగారు లేడి ఎవరయ్యా? సన్యాసి వేషంలో గడప ముందు భిక్షకు నిలబడింది ఎవరు? వేషం వేసుకుని వచ్చినవాడు మంచికి వచ్చాడా ఎక్కడైనా? ఫోనులో ప్రతి బొమ్మ వెనకా ఒక వేషగాడే! రైలెక్కి వచ్చి ముందు వరసలో కూర్చున్న అత్త అంతా విని, పోతూ పోతూ అంది: "గొంతు బాగుండాది అల్లుడా. మంట కొంచెం తగ్గించు. తగ్గిస్తే ఉడుకుతాది, లేకుంటే మాడిపోతాది."

తరువాత నేను చేసిన పని వినండి. ఆ వేషగాళ్ళను పట్టడానికి నేనే వేషం కట్టాను. శోళవరం అమ్మాయినని చెప్పుకుని, నీలం పావడా బొమ్మనై, ఆ ఆటలో అత్త పక్కనే ఇల్లు వేశాను. ధర్మం కోసమే అనుకున్నాను. ధర్మం కోసమని మొదలుపెట్టే పనులనే ముందు అనుమానించాలని అప్పుడు తెలియలేదు.

రెండు నెలలు కాపలా కాశాను. ఎలవూరు ఆయన డబ్బు అడుగుతాడని చూస్తే వంగవిత్తనాలు అడిగాడు. అక్కచెల్లెళ్ళు నగల ఆరా తీస్తారని చూస్తే రసంలోకి మిరియాలెన్ని అన్నారు. నా అనుమానం ఇంకా పెరిగింది. ఇంత మంచితనం ఊరికే ఉంటుందా! అత్త మాత్రం "రా పాపా" అని రాసి నన్ను లోపలికి పిలిచి, రోజూ ఒక జామపండు ఇచ్చేది. ఒకనాడు ఇలా రాసింది: "మా తమ్ముని కొడుకు ఒకడుండాడు పాపా. నోరు నిప్పు, మనసు వెన్న. ముఖాన చెప్తే వినడు." నేను ఫోను బోర్లించి పెట్టాను.

ఇంకొక సాయంత్రం రాసింది: "రెండు దినాలుగా ఎడం భుజం లాగతా ఉంది. నాలుగు అడుగులేస్తే ఆయాసం. ఇంట్లో చెప్పలే, సుమ్మా ఊరికే భయపడతారు."

వెంటనే పోవాలి. పోతే, నీకెట్లా తెలిసిందని అడుగుతుంది. కోడలికి చెప్పినా అదే ప్రశ్న. వేషం బయటపడుతుంది. మందిరంలో నా మాట ఏమవుతుంది? మాయ బొమ్మల ఊళ్ళో లేదయ్యా, ఇక్కడుంది! ఆ సాయంత్రం నుంచి మరుసటి రోజు మధ్యాహ్నం దాకా నా పరువును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ తరువాతే రైలెక్కాను.

తలుపు తీసే ఉంది. చెప్పులు కూడా విడవకుండా లోపలికి పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాను. "లెయ్యి అత్తా, ఆస్పత్రికి పోదాం."

ఆమె నా చెప్పుల వైపు చూసి నవ్వింది. "ఏమి శోళవరం పాపా, పిలవకుండానే వచ్చేసినావే!"

"ఎప్పుట్నుంచి తెలుసు?"

"మొదటి దినం నుంచే. అందురూ గేటు తోసుకోని వస్తారు. నీలం పావడా పాప మాత్రం పిలిచేదాకా బయటే నిలబడుకోనుంటాది. అట్లాటోడు మన వంశంలో ఎవుడుండాడురా నువ్వు తప్ప?"

గుండె జబ్బన్నారు ఆస్పత్రిలో. మందులతో నాలుగు నెలలు దక్కింది. నేను పోగొట్టిన ఆ పూట గురించి ఆమె ఒక్క మాట అనలేదు. ఇక వేషం తీసేస్తానంటే, "వద్దురా, పావడా బాగుండాది" అంది.

కోడలు కబురు పెట్టిందట, అంత్యక్రియలకు తిరునిన్రవూరు నుంచి ఆ అక్కచెల్లెళ్ళు ఇద్దరూ వచ్చారు. నిజంగా వాళ్ళేనా, ఎందుకొచ్చారు అని వాళ్ళ చేతిసంచుల వైపే చూస్తున్నాను. సంచిలో జామపండ్లున్నాయి. పెద్దామె నా దగ్గరికే వచ్చి అడిగింది: "అన్నా, శోళవరం పాప అని ఒక పిల్ల ఉండాది, ఆయమ్మంటే ప్రాణం దానికి. దానికి ఎవురైనా చెప్పినారా?"

చుట్టూ మా మందిరం వాళ్ళు నిలబడి ఉన్నారు. "తెలుసమ్మా దానికి," అన్నాను. "ఆ పిల్ల నేనే."

ఆమె నా గడ్డాన్ని, విభూతి పట్టెలను చూసింది. ఏడుస్తూనే నవ్వింది.

ఆ ఆటను నేను ఇప్పటికీ నమ్మను. నిన్న మాత్రం తెరిచాను. ఎవరో నీళ్ళు పోశారు, అత్త జామచెట్టు పచ్చగా ఉంది. అరుగు మీద ఆమె బొమ్మ కదలకుండా కూర్చుని ఉంది. గేటు తోస్తే తెరుచుకునేదే. నీలం పావడా పాప నీళ్ళచెంబు పట్టుకుని బయటే నిలబడి ఉంది.