తొమ్మిదో నంబరు ముక్కు

ఆ రోజుల్లో మా చిలకలూరిపేటలో కంప్యూటర్ ఉన్న ఇంటికి ఒక గౌరవం ఉండేది. దాని మీద పూల దుప్పటి కప్పి, చెప్పులు బయట విడిచి మరీ ముట్టుకునేవాళ్ళం. స్పిన్నింగ్ మిల్లులో గుమాస్తాగా చేసే మా నాన్న నా డిగ్రీ చదువు కోసం కొన్నారు దాన్ని. కొన్న రోజే షరతు కూడా పెట్టారు: "ఇందులో ఆటలు కనపడ్డాయో, వినుకొండలో మీ బాబాయి కొడుక్కి పంపించేస్తా." ఆ బాబాయి కొడుకు బుద్ధిమంతుడు (ఇప్పటికీ బుద్ధిమంతుడే, ఏం చేస్తాం). అంచేత నాన్న మిల్లుకెళ్ళాక, మధ్యాహ్నం పూట, తలుపు దగ్గరగా వేసుకుని మాత్రమే నేను వీరుణ్ణయ్యేవాణ్ణి.

స్నేహితుడు ఇచ్చిన సీడీలో ఉన్నది, మంత్రాలూ డ్రాగన్లూ ఉన్న ఏదో ఇంగ్లీషు నవలని ఆటగా మార్చినది. బయల్దేరే ముందు మన వీరుణ్ణి మనమే తయారుచేసుకోవాలి. జుట్టు, కళ్ళు, పద్నాలుగు రకాల ముక్కులు. ఒక్కొక్కటే మారుస్తుంటే తొమ్మిదో నంబరు దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. అచ్చం మా పెద్దత్త ముక్కు! (నాన్నకి అక్క. పక్క వీధిలోనే ఉండేది. ఆవిడ మాటకి నాన్న ఎదురు చెప్పగా నేను చూడలేదు.) ఇక ఆగుతానా? నెరిసిన జుట్టు, వెనక ముడి, గడ్డం మీద పుట్టుమచ్చ పెట్టి, చేతికి ఇనప గద ఇచ్చి నడిపించాను. సరిగ్గా అప్పుడే పండుమిరప పచ్చడి గిన్నెతో అత్త లోపలికొచ్చింది.

"ఏరా, ఎవర్రా ఆ ముసల్ది? దానికి నా ముక్కేంటి?"

"ఇంగ్లీషు నేర్పే ప్రోగ్రామత్తా. గౌరవం కొద్దీ నీ బొమ్మ పెట్టా."

"మరి నా కమ్మలేవిరా? బోసి చెవుల్తో ఊళ్ళో తిప్పుతున్నావా నన్ను!" అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది.

తెర మీద ఒక సత్రం యజమాని గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. ఏమంటున్నాడని అడిగింది అత్త. నాకు సగం కూడా అర్థం కాలేదు (ఆ సంగతి ఒప్పుకుంటే ఇంగ్లీషు ప్రోగ్రాం గుట్టు కాస్తా బయటపడుతుంది). "వాళ్ళమ్మాయి సంతలో తప్పిపోయిందట, వెతికిపెట్టమంటున్నాడు" అనేశాను. అత్త కళ్ళు చెమర్చాయి. "అయ్యో, అన్నం తిన్నాడో లేదో అడగరా" అంది. అడిగినట్టు నటించి, తిన్నాడట అని చెప్పాను.

మర్నాడు సీడీ ఇచ్చిన స్నేహితుణ్ణి అడిగితే తెలిసింది, అతగాడు శత్రువుల గూఢచారి. వాణ్ణి చంపితే గాని కోట తలుపు తెరుచుకోదు. నేను గద ఎత్తబోతే అత్త నా చెయ్యి పట్టేసుకుంది. "కూతురు కనపడక ఏడుస్తున్నోణ్ణి చంపుతావా? అదీ నా చేతుల్తోనా?" నా అబద్ధానికి నేనే దొరికిపోయాను. వారం రోజులు, ఠంచనుగా మూడింటికి అత్త రావడం, ఇద్దరం సత్రం చుట్టూ లేని పిల్లని వెతకడం. డ్రాగన్ ఎక్కడో కొండ మీద మా కోసం కాచుక్కూర్చునే ఉంది.

ఎనిమిదో రోజు మిల్లులో ట్రాన్స్‌ఫార్మర్ పేలిందని నాన్న పెందలాడే వచ్చేశారు. తెర మీద కత్తులూ మంటలూ చూసి, "ఇదేనా నీ చదువు?" అంటూ ప్లగ్గు మీద చెయ్యేశారు. నాకు వినుకొండ బస్సు కళ్ళ ముందు కదిలింది.

"తమ్ముడూ, చెయ్యి తియ్యి" అంది అత్త. "ఆయన కూతురు దొరికిందాకా ఈ పెట్టె ఎక్కడికీ పోదు."

నాన్న కుర్చీలో ఉన్న అక్కనీ, తెర మీద గద పట్టుకున్న అక్కనీ మార్చి మార్చి చూశారు. తర్వాత చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, మెల్లగా అడిగారు: "ఎవరి కూతురక్కా?"

ఆ ఆట నేను పూర్తి చేయనేలేదు. ఇప్పటి ఆటల్లో ముక్కు ఒక్కదాన్నే వంద విధాల మార్చుకోవచ్చు. ఎన్ని మార్చినా అత్త ముక్కు మాత్రం కుదరడం లేదు. మొన్న అత్త ఫోను చేసి, పిల్లల చదువులూ నా బీపీ సంగతీ అడిగాక, గొంతు తగ్గించి, "ఒరేయ్, ఆ పిల్ల దొరికిందంట్రా?" అంది. జుట్టు నెరిసింది, నిజం చెప్పాల్సిన వయసే నాది. కానీ చెబితే ఇంక అడగదేమోనని బెంగ.

"ఇంకా వెతుకుతున్నానత్తా" అన్నాను.