ముక్కు మాస్టారి చేతి మర

ఆ పేటలో ముక్కు మాస్టారంటే చిన్నాపెద్దా అందరికీ తెలుసు. ఆయన ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. వీధి మూలనున్న కాఫీపొడి కొట్లో ముప్ఫై నాలుగేళ్ళు మర ఆడించాడు. మరలోంచి రాలిన పొడి చిటికెడు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, ఆ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. కొనడానికొచ్చినవాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు. ఆయన తల ఊపితేనే పొట్లం కట్టడం. ఊపకపోతే మర బిగించి మళ్ళీ మొదటికి రావాల్సిందే, ఎంత తొందరలో ఉన్నవాళ్ళయినా సరే.

ఆయన భార్య ఇంట్లో మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. అందరికీ ఆవిడ కుట్టు పిన్ని. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళయింది కదా, మొగుడు ఏం పెట్టాడని ఎవరైనా అడిగితే చూపించడానికి ఆవిడ దగ్గర పెద్దగా ఏమీ లేదు. కానీ పొద్దున్నే కాఫీ కప్పు అందుకుని, ఆవిరి గుండెల నిండా పీల్చి ఆయన అనే మాట ఒకటుంది: "ఇవాళ వాసన గుమ్మం దాటిందే!" పేటలో అందరి కాఫీకీ తీర్పు చెప్పే ముక్కు రోజూ తన కాఫీకి దణ్ణం పెడుతోందంటే సామాన్యమా! పిన్నికి అదే నగ, అదే నాణెం. ఆ మాట చెవిన పడకపోతే ఆవిడ మిషను ముందు కూర్చునేది కాదు.

కొట్టు యజమాని పెద్దవాడైపోయి కొట్టు అమ్మేశాడు. ఇప్పుడక్కడ ఫోన్లు అమ్ముతున్నారు. మర పాతయినుపసామాను వాడి బండెక్కింది. మాస్టారు ఆ బండి మలుపు తిరిగేదాకా చూసి, ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదు. పిన్ని గింజలు తెచ్చి మిక్సీలో వేసింది. పొడి సగం పలుకులుగా, సగం పిండిగా వచ్చింది.

"బ్లేడు నరుకుతుందే, నూరదు," అన్నాడాయన. "గింజ రెండు పళ్ళచక్రాల మధ్య నలిగితేనే పొడి ఒక్కతీరుగా వస్తుంది. అలాంటి చిన్న మరలు ఇళ్ళకి కూడా వచ్చాయట, బర్ గ్రైండరంటారు. మన తాహతుకి తగ్గది దొరుకుతుందేమో చూద్దాం పద."

మర్నాడు మధ్యాహ్నం పిన్ని కాజాలు కుట్టడం పూర్తిచేసి, ఆయనతో ఇంటిసామాన్ల కొట్టుకి వెళ్ళింది. కౌంటరు దగ్గరున్న అమ్మాయి మూడు రకాలు ముందు పెట్టింది. మొదటిది కరెంటుది. మెరిసిపోతోంది, కానీ ధర చీటీ చూసి పిన్ని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. రెండోది చేత్తో తిప్పేది, అన్నిట్లోకీ చవక. మాస్టారు దాని ఇరుసు పట్టుకుని అటూ ఇటూ కదిపాడు.

"ఊగుతోందమ్మా. ఇరుసు ఊగితే పళ్ళు ఒకవైపు దగ్గర, ఒకవైపు దూరం. పొడి సగం రవ్వ, సగం దుమ్ము. పిండి కొద్దీ రొట్టె మరి."

మూడోది కూడా చేతిదే, ధర మధ్యరకం. ఉక్కు పళ్ళు, ఇరుసుకి పైనా కిందా పట్టు. మెత్తదనం మార్చుకోవడానికి అడుగున తిప్పే చక్రముంది, తిప్పినప్పుడల్లా ఒక్కో మెట్టు టిక్కుమంటుంది. మాస్టారు మెట్లు లెక్కపెడుతుంటే కౌంటరమ్మాయి నోరు తెరుచుకుని చూసింది. పిన్ని గర్వానికి పట్టపగ్గాల్లేవు. ఎంతైనా మా ఆయన, అనుకుంది.

"గింజలుంటే తీసుకురామ్మా, ఆడించి చూద్దాం," అన్నాడు మాస్టారు.

ఆ అమ్మాయి కింది సొరుగంతా వెతికి ఒక పొట్లం తెచ్చింది. మాస్టారు గింజలు పోసి, మర గుండెకి ఆనించుకుని తిప్పాడు. "విన్నావా, చప్పుడు ఎక్కడా తొట్రుపడట్లేదు," అని మూత తీశాడు.

గుప్పుమంది. కాఫీ కాదు, కలరా ఉండలు! ఏ పాతగుడ్డల మధ్య ఎన్ని నెలలు నానాయో ఆ గింజలు, ముక్కు పుటాలు మండిపోయాయి. కౌంటరమ్మాయి "అయ్యో" అని ముక్కు మూసుకుంది. బట్టలతో బతికే మనిషి, పిన్నికి ఆ వాసన తెలియకపోవడమేమిటి!

మాస్టారు మాత్రం చిటికెడు పొడి తీశాడు. నలిపాడు. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని నింపాదిగా తల ఊపాడు.

"ఆహా! ఏం వాసనమ్మా! కట్టెయ్యి, ఇదే తీసుకుంటాం."

కౌంటరమ్మాయి వేళాకోళమనుకుని నవ్వింది. పిన్ని నవ్వలేదు. వేళాకోళమాడితే ఆయన ఎడమ కనుబొమ్మ లేస్తుంది. లేవలేదు.

"అంకుల్, సారీ, ఇవి కలరా ఉండల పక్కన పెట్టేశాం," అంది ఆ అమ్మాయి.

మాస్టారు కళ్ళు తెరిచి ముందు పెళ్ళాం మొహం చూశాడు. "జలుబు చేసినట్టుంది," అన్నాడు. ఆయనకి తుమ్మూ లేదు, దగ్గూ లేదు.

మర కొనుక్కుని బస్టాపు బెంచీ మీద కూర్చున్నారు. రెండు బస్సులు వెళ్ళిపోయినా ఇద్దరూ లేవలేదు. పిన్ని బుర్రలో ఒక్కొక్కటే తిరుగుతున్నాయి. ఓసారి వంటింట్లో గ్యాసు లీకై వాసన కొడుతుంటే ఈయన పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. బద్ధకమని తిట్టింది. మరోసారి పాలు మాడిపోయి ఇల్లంతా కంపు కొడుతుంటే, ఆ కాఫీ చుక్క మిగల్చకుండా తాగి "గుమ్మం దాటిందే" అన్నాడు. అది ప్రేమనుకుని చెల్లెలికి పదిసార్లు చెప్పుకుంది. ఎంత వెర్రిబాగులదాన్ని!

"ఎన్నాళ్ళయింది?"

"పదకొండేళ్ళు. ఆ పెద్ద జ్వరం వచ్చింది చూడు, దాంతోనే వాసన పోయింది."

"మరి కొట్లో?"

"మెత్తదనం వేళ్ళకి తెలుస్తుంది. పళ్ళ బిగువు చప్పుడుకి తెలుస్తుంది. వేపుడు రంగుకి తెలుస్తుంది. ముక్కు ఉత్త అలవాటే. అది పోయిందని తెలిస్తే ఆ కొట్లో నన్నెవరు ఉంచుతారు?"

"కొట్లో చెప్పలేదు, సరే. నాకు?"

ఆయన మర పెట్టెని ఒళ్ళో అటూ ఇటూ తిప్పాడు. "రోజూ కప్పు చేతికిచ్చి నా మొహంలోకి చూస్తూ నిలబడతావు. ఏం చెప్పమంటావే?"

పిన్ని లెక్క వేసుకుంది. నాలుగు వేల పొద్దులు! ఒక్కటీ నిజం కాదు. వీధిలో ఎవరో మోసం చేస్తే నలుగురిలో పెట్టి దులపొచ్చు. ఇంట్లోవాణ్ణి ఏం చేయాలి?

"అయితే ఆ మాడిన పాలు కూడా తెలియకే తాగారన్నమాట."

"మాడు ముక్కుకి తెలియకపోతే నాలుకకి తెలియదా? పరమ చేదు. మీ అమ్మ పోయిన వారమది. పొయ్యి మీద పాలు పెట్టి గోడకేసి చూస్తూ నిలబడ్డావు. అప్పుడేమనను?"

పిన్నికి ఇది మొదటిదానికంటే పెద్ద దెబ్బ. మూడో బస్సు వస్తే ఇద్దరూ ఎక్కారు.

పొద్దున్నే పిన్ని కొత్త మరలో మంచి గింజలు ఆడించి, కాఫీ కలిపి తెచ్చింది. ఆయన కప్పు అందుకుని, ఆవిరి పీల్చి, అలవాటుగా నోరు తెరిచాడు.

"ఆగండి," అందావిడ. "నిజం చెప్పండి."

ఆయన ఒక గుక్క తాగాడు.

"వేడిగా ఉంది."

"ఇంకా?"

"చేదెక్కువైంది. పొడి మరీ మెత్తగా ఆడించావు. రెండు మెట్లు వదులు చెయ్యి."

ముప్ఫై ఏళ్ళలో ఆయన తన కాఫీకి వంక పెట్టడం ఇదే మొదలు. పిన్నికి ఒళ్ళు మండింది, వెంటనే నవ్వూ వచ్చింది. విసురుగా మర లాక్కుని రెండు మెట్లు వదులు చేసి, గింజలు పోసి బరబరా తిప్పింది. మూత తీసింది.

"ఎలా ఉందే?" అన్నాడాయన, గుమ్మం దగ్గర నిలబడి, చిన్నగా.

పిన్ని చిటికెడు పొడి తీసి నలిపింది. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మాస్టారు ఊపిరి బిగబట్టి, ఆవిడ తల ఎప్పుడు ఊపుతుందా అని చూస్తూ నిలబడ్డాడు.