పాండురంగం ఇంటికొచ్చిన మనిషి

కొత్తవాడలో మల్లక్క ఇంటి మేడమీద గదిలో పాండురంగం అద్దెకుంటాడు. యాభై దాటినా పెళ్లి కాలేదు. సంబంధాలు చూడవలసిన వయసులో మంచాన పడ్డ తండ్రిని చూసుకున్నాడు. తండ్రి పోయేనాటికి ఇతని సంగతి చూసేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఇదివరకు మగ్గాల మీద నేసే జంపఖానాలకు గళ్ల కాగితం మీద డిజైన్లు గీసేవాడు. ఇప్పుడు అదే చేత్తో దుకాణాల ప్రకటనలకు కథ గీస్తున్నాడు. కాగితం మీద వరుసగా గళ్లు, గడికో బొమ్మ, కింద రెండు ముక్కలు. దాన్ని ఫోన్లో ఫొటో తీసి ఏఐకి ఇస్తే బొమ్మలు లేచి నడుస్తాయి.

కాశిబుగ్గలో చాయ్‌పత్తి దుకాణం వాళ్లు ఒక ప్రకటన అడిగారు. మొగుడు ఇంటికొస్తాడు, పెళ్లాం తలుపు తీసి నవ్వుతుంది, చాయ్ ఇస్తుంది. అంతే. మొగుడి వేషానికి మనిషిని వెతకడమెందుకని పాండురంగం తన ఫొటోయే ఎక్కించాడు. ఇంటికి కూడా తానుండే గది, మేడ ఫొటోలే ఇచ్చాడు. పెళ్లాన్ని మాత్రం ఏఐ పుట్టించింది: చామనఛాయ, గంధం రంగు చీర, నవ్వితే బుగ్గన సొట్ట.

ప్రకటన దుకాణానికి వెళ్లిపోయింది. పాండురంగం మాత్రం, ఎవరూ అడగకుండానే, ఇంకో నాలుగు గళ్లు గీశాడు. ఆవిడ దండెం మీంచి బట్టలు తీస్తుంది. ఆ తర్వాత ఇంకోటి గీశాడు. అతను అన్నం తింటుంటే "ఇంకింత ఏసుకో" అంటుంది. కూరేమిటో గీయలేదు, ఏఐ ఏదో పచ్చగా వడ్డించింది. ఆ పూట గదిలో పాండురంగం తింటున్నది ఉప్మా. అయినా ఫోన్ ఎదురుగా నిలబెట్టుకుని, ఆవిడ మాట తీసేయలేక మారు వడ్డించుకున్నాడు.

పొరపాటు ఎక్కడ జరిగిందంటే, బట్టలు తీసే క్లిప్పును వాట్సప్ స్టేటస్‌లో పెట్టాడు. పని చూసి కొత్త బేరాలు వస్తాయనుకున్నానని తర్వాత చెప్పాడు. మనం నమ్ముదాం.

మల్లక్క చూసింది. తన మేడ, తన దండెం, ఎవరో ఆడమనిషి! ఇంటికి కొత్త కోడలు వస్తే బొట్టు పెట్టకుండా ఊరుకోవడం మల్లక్క వంశంలోనే లేదు. పొద్దున్నే పళ్లెంలో పసుపు కుంకుమ, రవికె గుడ్డ, అరటిపండ్లు పెట్టుకుని మెట్లెక్కింది.

"ఏం తమ్మీ, లగ్గం జేసుకుని అక్కకు చెప్పకపోతివి! పిలువు మరదల్ని."

పాండురంగం చేతిలో చీపురు. "ఎవలనక్కా?"

"సిగ్గువడకు. లేటయితేంది, మంచి పనే జేసినవ్. తానం జేత్తాందా? నేను కూసుంట తియ్."

కూర్చుంది కూడా. స్నానాల గది వైపు తిరిగి, వినబడేట్టు, "బిడ్డా, నిమ్మలంగ రా, నాకేం తొందర లేదు" అంది.

నిజం చెబితే పిచ్చోడంటారు. చెప్పకపోతే మనిషిని తెచ్చి చూపాలి. పాండురంగం చీపురు గోడకానించి, గీసిన కాగితాలు తెచ్చి ఆమె ముందు పరిచాడు. ప్రతి గడిలోనూ ఆ మనిషే. ఫోన్లో కదిలించి చూపించాడు. మల్లక్క కాగితాలు చూసి, ఫోన్ చూసి, చివరికి పాండురంగాన్ని చూసింది. ఆమె నవ్వితే తనూ నవ్వేసి బయటపడదామని అతను కాచుకున్నాడు. ఆమె నవ్వలేదు.

"గింత మంచిగున్నది గదరా," అంది మెల్లగా. పళ్లెం మీద కొంగు కప్పింది. తర్వాత గొంతు తగ్గించింది: "నేను వాడకంత చెప్పిన. ఎదురింటి సమ్మమ్మ చీర గూడ పెడ్తనన్నది. బొమ్మకు బొట్టువెట్టవోయిందని నన్ను నవ్వుతరు. నిన్ను పిచ్చోడంటరు. ఇద్దరి ఇజ్జత్ పోతది."

"మరేం జేద్దామక్కా?"

"తల్లిగారింటికి వోయింది, ఇగ రాదని జెప్పు. గీసుడు నీకచ్చు గదా, పోతాన్నట్టు గియ్."

మధ్యాహ్నం పాండురంగం ఒక్క గడి గీశాడు. హనుమకొండ బస్టాండు, చేతిలో సంచి, ఆమె బస్సెక్కుతోంది. క్లిప్పు వచ్చింది. వెనక్కి చూడకుండా ఎక్కేసింది. అతను బొమ్మ కింద 'ఒకసారి వెనక్కి తిరిగి చూస్తుంది' అని రాసి మళ్లీ చేయించాడు. ఈసారి చూసింది కానీ, మొహం వేరెవరిదో. మళ్లీ చేయించాడు. ఇంకెవరో. చివరికి చూడకుండా పోయినదాన్నే, 'తల్లిగారింటికి పోయింది, ఇగ రాదు' అని రాసి స్టేటస్‌లో పెట్టాడు.

సాయంత్రానికి వాడవాళ్లు ఓదార్చడానికి వచ్చారు. ఒకరు పప్పు తెచ్చారు, ఒకరు చింతకాయ తొక్కు. తండ్రి పోయినప్పుడు కూడా ఇంతమంది మెట్లెక్కలేదు. గిన్నెలు అందుకుంటున్న పాండురంగం కళ్లలో నీళ్లు తిరిగాయి. బాగానే నటిస్తున్నాడనుకుంది మల్లక్క. కాసేపు చూసి, నటన కాదని తెలిసి, తల పక్కకు తిప్పుకుంది.

సమ్మమ్మ తన ఫోన్లో ఆ స్టేటస్ తెరిచి ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. "బిడ్డా, గీ బస్సు ఏ ఊరికి పోయేదిరా? బోర్డు సదువుదామంటే అస్తలేదు. ఊరు తెలిస్తే మావోళ్లెవలన్న పొయ్యి నాలుగు మాటలు జెప్పి తోలుకత్తరు."

పాండురంగం బోర్డు మీద ఏమీ రాయలేదు. ఏఐ తనకు తోచిన గీతలేవో అక్కడ తగిలించింది. అది తెలుగూ కాదు, ఇంగ్లీషూ కాదు. అందరూ దిగిపోయాక అతను మెట్ల మీద కూర్చుని, ఫోన్లో ఆ బస్సు బోర్డును రెండు వేళ్లతో పెద్దది చేశాడు. ఇంకొంచెం పెద్దది చేశాడు.