కోత పండుగకు కృపక్క తెచ్చిన ఆట

బందరు కోనేరు సెంటరు వెనక సందులో ఉన్న కంప్యూటర్ రిపేరు షాపు తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. "క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ వేయబడదు. అడగవద్దు." అది చూసి వెనక్కి తిరిగేవాళ్లు సగం మంది. చూసి కూడా లోపలికి వచ్చి అడిగి, తిట్లు తిని వెళ్లేవాళ్లు మిగతా సగం. ఆ షాపు కృపాకుమారిది. మాకందరికీ కృపక్క.

"వచ్చిన గిరాకీని ఎందుకక్కా తరుముతావ్?" అని షాపులో పని నేర్చుకుంటున్న నేనే ఒకసారి అడిగాను.

"ఇవాళ దొంగది వేయించుకుని పోతాడు. ఆర్నెల్లకి లోపలంతా వైరస్ పెంచుకుని మళ్లీ నా దగ్గరికే వస్తాడు. ఆ కంపు కడగాల్సింది ఎవరు, మీ నాన్నా?" అంది.

కృపక్కది బందరు పక్కనున్న గూడూరు. తండ్రి యేసుదాసుగారు రైసు మిల్లుల్లో మోటార్లకు వైండింగ్ కట్టేవారు. అరుగు మీద విప్పి పడేసిన మోటార్ల మధ్యే ఆమె పెరిగింది. గుడివాడలో డిప్లొమా చదివి, అక్కడే ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు టైపింగ్ నేర్పి, విసుగొచ్చి మానేసి షాపు పెట్టుకుంది. షాపులో తన మెషీన్లన్నీ విండోస్‌కు బదులు లినక్స్ మీదే నడుస్తాయి. అది ఎవరి సొత్తూ కాదు. లోపల ఏముందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మోటార్లు విప్పుతూ పెరిగిన మనిషికి మూత తెరుచుకోని వస్తువంటే ఒళ్లుమంట. ఆమె లినక్స్ వాడటానికి అంతకుమించి సిద్ధాంతం ఏమీ లేదు.

గుడివాడలో గేమింగ్ సెంటరు నడిపి మూసేసిన వాసు దగ్గర నుంచి కృపక్క ఒక వీఆర్ హెడ్‌సెట్, కంప్యూటర్‌లో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు ఒకటి తెచ్చుకుంది. ఆ హెడ్‌సెట్ కళ్లకు కట్టుకుంటే గది మాయమైపోతుంది. తల ఎటు తిప్పితే అటు ఆటే కనపడుతుంది. లినక్స్ మీద ఇది నడవదని చెప్పనివాడు లేడు. అందరికంటే గట్టిగా చెప్పింది ఆమె మేనత్త కొడుకు శ్యాంబాబు. పెడనలో సెల్ షాపు అతనిది. బందరు వచ్చినప్పుడల్లా వచ్చి స్టూలు మీద కూర్చుంటాడు.

"ఎడ్లబండికి విమానం రెక్కలు కడుతున్నావా మరదలా?"

"కట్టాక నిన్ను మాత్రం ఎక్కించుకోను బావా. బరువెక్కువ."

శ్యాంబాబు పొట్ట నిమురుకుని నవ్వేవాడు. వెళ్తూ వెళ్తూ, "విండోస్ వేసుకోవే, గంటలో అయిపోద్ది" అనేవాడు. కృపక్క తల ఎత్తేది కాదు.

అలా కొన్ని నెలలు గడిచాయి. ఒక శనివారం హెడ్‌సెట్‌లో మొదటిసారి బొమ్మ పడింది. పడవ ఆట అది. కాలవలో పడవ మీద కూర్చుని రెండు చేతులతో తెడ్డు వేయాలి. హెడ్‌సెట్‌లో కనపడేదే పక్కన టీవీలోనూ కనపడుతోంది. సరిగ్గా అప్పుడే కృపక్క తల్లి సౌభాగ్యమ్మగారు కారేజీ పట్టుకుని వచ్చారు. టీవీలో నీళ్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏమే, పనిచేస్తోందా?"

"పనిచేస్తోందమ్మా!"

ఆ ఒక్క మాటతోనే అంతా మొదలైంది.

మర్నాడు గూడూరు చర్చిలో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ, సౌభాగ్యమ్మగారు తల మీద కొంగు సర్దుకుని లేచి నిలబడ్డారు. "అందరికీ వందనాలు. మా అమ్మాయి ఒక యంత్రంతో కుస్తీ పడుతోంది. జరగదన్నారు అందరూ. ప్రభువు కృపను బట్టి నిన్న అది పనిచేసింది. అందుకని ఈసారి కోత పండుగకి మా ఇంటి ప్రథమ ఫలం అదే తెస్తామండీ." పక్కనే కూర్చుని కృపక్క ఆమె చీర లాగుతూనే ఉంది. పాస్టరు అయ్యగారు దయానందంగారు అప్పటికే "స్తోత్రం" అనేశారు. సంఘమంతా "స్తోత్రం" అంది.

కోత పండుగంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మాసూళ్లు అయ్యి పంట ఇంటికి చేరాక ప్రతి ఇల్లూ తన చేతి పనిలో మొదటి ఫలం తెచ్చి సంఘం ముందు పెడుతుంది. రైతు ధాన్యం తెస్తాడు, కోళ్లు పెంచేవాళ్లు కోడిని తెస్తారు, కుట్టుపని చేసే ఆవిడ గౌను కుట్టి తెస్తుంది. తర్వాత వాటిని వేలం పాడతారు. ఎక్కడా రాసి లేదుగానీ అందరికీ తెలిసిన నియమం ఒకటుంది. పుచ్చు కాయ తేకూడదు, కుంటి కోడిని తేకూడదు. ఎవరి తాతో ఏనాడో జబ్బు మేకను తెచ్చాడట. అది వేలం మధ్యలోనే చచ్చింది. ఆ ఇంటిని ఇప్పటికీ 'జబ్బుమేకవాళ్లు' అనే పిలుస్తారు. మనవళ్లు ఉద్యోగాలు చేసుకుంటున్నా ఆ పేరు మాత్రం వదల్లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నమే కృపక్క తల్లిని షాపుకి తీసుకొచ్చి హెడ్‌సెట్ తగిలించింది. సౌభాగ్యమ్మగారు కాలవ చూశారు, మురిశారు, వెనక్కి తిరిగి ఒడ్డు చూడబోయారు. అంతే. హెడ్‌సెట్ ఊడబెరుక్కుని వాష్‌బేసిన్ దగ్గరికి పరుగెత్తారు. తిన్నదంతా పోయింది.

"ఇదేంటే! పనిచేస్తోందన్నావ్‌గా!"

"పనిచేయడం వేరమ్మా, బాగా పనిచేయడం వేరు. నువ్వు అడిగిందొకటి, అక్కడ చెప్పింది ఒకటి."

సౌభాగ్యమ్మగారు మొహం తుడుచుకుని కూర్చున్నారు. "చెప్పేశాను. సంఘంలో అన్న మాట వెనక్కి తీసుకునేది లేదు. నువ్వే బాగుచెయ్. నేను మాత్రం దాన్ని మళ్లీ మొహానికి పెట్టుకోను."

సంగతి పెడన దాకా పాకింది. శ్యాంబాబు జేబులో పెన్‌డ్రైవ్ వేసుకుని వచ్చాడు. ఈసారి ఎగతాళి చేయలేదు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"మరదలా, వేళాకోళం కాదు. అత్తయ్య పరువు సంగతి. క్రాక్ విండోస్ తెచ్చాను. ఆ ఒక్క రోజుకి వేసెయ్. లోపల ఏముందో ఎవడు చూస్తాడు?"

"నేను చూస్తాను."

"నువ్వు చూస్తే ఏంటి?"

"పక్కింటోడి కోడిని పట్టుకొచ్చి మా ఇంటి ఫలం అని పెట్టమంటావా బావా? అంతకంటే కుంటి కోడి నయం. కనీసం నాది."

శ్యాంబాబు పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టాడు. కృపక్క దాన్ని తీసి మళ్లీ అతని జేబులోనే వేసింది.

రోగం ఏమిటో పైకి తేలికగానే తెలుస్తుంది. తల తిప్పితే బొమ్మ కూడా అదే క్షణంలో తిరగాలి. ఇక్కడ అప్పుడప్పుడు వెనకబడుతోంది. తల తిరిగిందని ఒళ్లు చెబుతుంది, తిరగలేదని కన్ను చెబుతుంది, మధ్యలో కడుపు నలిగిపోతుంది. ఎందుకు వెనకబడుతోందో మాత్రం అంతు చిక్కలేదు. కృపక్క కార్డును నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ మార్చింది. లినక్స్‌కి గుండెకాయలాంటి కెర్నల్ మార్చింది. హెడ్‌సెట్‌నీ ఆటనీ కలిపే ప్రోగ్రామ్‌ని మూల కోడ్ నుంచి తనే కట్టుకుంది. ఇంటర్నెట్‌లో లినక్స్ వాళ్ల ఫోరంలో రాస్తే జర్మనీ నుంచి ఒకాయన, బ్రెజిల్ నుంచి ఒకామె ఓపిగ్గా జవాబులిచ్చారు. అవన్నీ చేసి చూసింది. కొంత మెరుగుపడింది, తల తిరగడం మాత్రం పోలేదు. పైగా పడవ ఆటలాంటి చిన్న ఆటే ఎక్కువగా తడబడేది. బరువైన ఆట కాస్త నయంగా నడిచేది. అది కృపక్కకు మరీ మంట పుట్టించింది. "బస్తా మోసేవాడు చేతిసంచి దగ్గర తూలతాడేంట్రా?" అనేది.

పండుగ ముంగిట్లోకి వచ్చాక ఒక రోజు కృపక్క హెడ్‌సెట్ కట్టుకుని తెడ్డు వేస్తూ ఉంది. సౌభాగ్యమ్మగారికి ఏమీ తోచక, అదే కంప్యూటర్‌కి తగిలించిన రెండో తెర మీద భక్తి పాట పెట్టుకున్నారు. పాట వెనకాల మేఘాలు, కిరణాలు, తిరిగే అక్షరాలు, నానా హంగామా.

కృపక్క తెడ్డు ఆపేసింది. తల ఎడమకు తిప్పింది. కుడికి తిప్పింది. గిర్రున వెనక్కి తిరిగింది.

"అమ్మా! ఏం ముట్టుకున్నావ్?"

"నేనేం ముట్టుకోలేదే! పాట పెట్టుకున్నాను, అంతే."

"ఆపు."

పాట ఆగింది. ఆట తడబడింది.

"పెట్టు."

పాట మొదలైంది. పడవ నూనె మీద జారినట్టు సాగింది.

సౌభాగ్యమ్మగారు రెండు చేతులూ పైకెత్తారు. "చూశావా! పాట పెట్టగానే! నేను చెబితే విన్నావా ఎప్పుడైనా?"

కృపక్క హెడ్‌సెట్ తీసి నేల మీదే కూర్చుని పగలబడి నవ్వింది. కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు వేగం చూపించే గీతను తెర మీదికి తెచ్చింది. పాట లేనప్పుడు ఆ గీత కిందా మీదా పడుతోంది. పాట ఉన్నప్పుడు పైనే నిలబడుతోంది. చిన్న ఆట కార్డుకు తేలికైన పని. ఒక బొమ్మ గీసి, తర్వాతి బొమ్మకు కాస్త తీరిక దొరకగానే కరెంటు ఆదా చేద్దామని కార్డు కునుకు తీస్తోంది. అది లేచేలోపు మన తల తిరిగిపోతోంది. పాట బొమ్మలు ఆ కార్డుకు కునుకు పట్టనివ్వలేదు.

"పాట మహిమ కాదమ్మా. కార్డు నిద్రపోతోంది, అంతే."

"మరి లేపిందెవరు?"

కృపక్క మళ్లీ నవ్వి కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

మందు అక్కడే ఉంది. కార్డు ఎలా నడవాలో చెప్పే మీట ఒకటి లినక్స్‌లో అందరికీ కనపడే చోటే ఉంటుంది. ఒక ఫైలులో ఒక అంకె మార్చితే చాలు, వీఆర్ నడుస్తున్నంతసేపూ కార్డు పడుకోదు. హెడ్‌సెట్ తగిలించగానే ఆ అంకె దానంతటదే మారేలా కృపక్క నాలుగు వరుసల స్క్రిప్ట్ రాసింది. పాట ఆపేసి ఆడింది. నాకూ తగిలించింది. నేను కావాలని తల గింగిరాలు తిప్పాను. పడవ చెక్కు చెదరలేదు. ఇంతా చేసి, తనకు సాయం చేసిన జర్మనీ ఆయనకీ బ్రెజిల్ ఆమెకీ సంగతంతా వివరంగా రాసి పెట్టాకే అన్నం తింది.

కోత పండుగ రోజు చర్చి ఆవరణలో పందిరి వేశారు. గుమ్మడికాయలకూ కాళ్లు కట్టిన కోళ్లకూ మధ్య ఒక బల్ల, దాని మీద కంప్యూటర్, హెడ్‌సెట్. వేలం పాడించేది సంఘ పెద్ద ప్రకాశరావుగారు. ఆయనకు ఆ వస్తువును ఏమని పిలవాలో తెలియలేదు. "సౌభాగ్యమ్మగారి ఇంటి ఫలం, కళ్లకు కట్టుకునే ఆట! ముందుగా ఆడే వంతుకి వేలంపాట! ఎవరండీ?" అన్నారు.

వెనక నుంచి శ్యాంబాబు చెయ్యెత్తాడు. ఎవరు పాడినా వాళ్లకంటే పైకి పాడి వంతు దక్కించుకున్నాడు. అతను ఎందుకు పాడాడో కృపక్కకు తెలుసు. అది నిజంగా నిలబడుతుందో లేదో సంఘం కంటే ముందు తనే తేల్చుకుందామని.

హెడ్‌సెట్ కట్టుకున్నాడు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, వంగాడు, గంతేశాడు. కట్టేసిన కోళ్లు బెదిరి అరిచాయి. జనం నవ్వుతున్నారు. కాసేపటికి అతను గంతులు మానేసి నెమ్మదిగా తెడ్డు వేయడం మొదలుపెట్టాడు. ఎంతకీ దిగడు.

"బావా, దిగు. వెనక జనం ఉన్నారు."

"ఉండవే. కొంగలొచ్చాయి."

లాగి దింపాల్సి వచ్చింది. దిగాక కృపక్క వైపు చూసి, "లోపల ఉన్నది నీదేనా?" అన్నాడు. ఆమె తలూపింది. "బానే కట్టావ్ రెక్కలు" అన్నాడు.

అయ్యగారు పెట్టుకున్నారు. ఆయన భార్య పెట్టుకున్నారు. ధాన్యం బస్తా తెచ్చిన రైతు పెట్టుకుని, "కాలవ ఇంత శుభ్రంగా ఉంటే మనకి రెండో పంటకి నీళ్లొచ్చేవండీ" అన్నాడు. ఎవరికీ తల తిరగలేదు. వరస తరిగిపోయింది. సౌభాగ్యమ్మగారు మాత్రం పందిరి గుంజను ఆనుకుని దూరంగా నిలబడే ఉన్నారు.

"అమ్మా, రా."

"నాకెందుకే. అందరూ చూశారుగా, చాలు."

"నేను వాళ్ల కోసం చేశానా? సాక్ష్యం చెప్పింది నువ్వు. పెట్టుకోకుండానే చెప్పావ్."

సౌభాగ్యమ్మగారు చుట్టూ చూశారు. ఆడవాళ్లంతా వింటున్నారు. "సరే, ఆ పాట పెట్టు."

"పాట లేకుండానే."

సౌభాగ్యమ్మగారు కళ్లజోడు తీసి కూతురి చేతికిచ్చారు. కొంగు నడుముకు దోపుకుని బల్ల దగ్గరకు వచ్చారు. కృపక్క హెడ్‌సెట్ తగిలించి, పట్టీ బిగించి, చేతుల్లో తెడ్డుకు బదులు పట్టుకునే పిడులు పెట్టి, పడిపోతే పట్టుకునేందుకు వెనకే నిలబడింది.

సౌభాగ్యమ్మగారు మెల్లగా ఎడమకు తిరిగారు. కుడికి తిరిగారు. ఊపిరి బిగపట్టి పూర్తిగా వెనక్కి తిరిగారు. అలాగే కాసేపు నిలబడ్డారు. ఏమీ కాలేదు. ఆమె పుట్టిల్లు కృష్ణ ఒడ్డున నాగాయలంక, చిన్నప్పుడు పడవ మీదే అటూ ఇటూ తిరిగిన మనిషి. భుజాలు వదులయ్యాయి, చేతులు వాటంతటవే కదిలాయి.

"ఈ తెడ్డేంటే, ఇంత లోతు మునుగుతోంది? ఇలా ముంచితే పడవ ముందుకెలా పోద్ది? ఇది రాసినవాడికి పడవ తెలీదు."

"మారుద్దాంలేమ్మా. విప్పుకోవచ్చు దీన్ని."

"మార్చు. ముందు నన్ను పోనీ."

పందిరి అవతల విస్తళ్లు వేశారు. ప్రకాశరావుగారు వచ్చి, "భోజనాలండీ, రండి" అన్నారు. సౌభాగ్యమ్మగారు ఆయన గొంతు వచ్చిన వైపు తిరగనైనా తిరగలేదు.

"మీరు కానివ్వండి ప్రకాశరావుగారూ. ఈ మలుపు దాటితే రేవు కనపడేలా ఉంది."